అత్తయ్య గొంతుతో అన్న మాట

మా ఇల్లు,
కిటికీ పక్క కుర్చీ (ఇందులోంచి లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి)

పళ్ళ డాక్టరమ్మగారి దివ్యసముఖానికి,

తమరి హాస్టల్ గది సహవాసి, తమరి అన్నగారిని కట్టుకున్న పాపానికి వదిన హోదా పొందిన చిలక నమస్కరించి రాసుకొను విన్నపం. నువ్వక్కడ క్షేమమని తలుస్తాను. నేనిక్కడ లావుగా ఉన్నాను.

ఫోను వద్దు, ముఖ్యమైన సంగతులు కాగితం మీదే రాయమన్న నీ హుకుం పాటిస్తున్నాను. 'ఫోన్లో నువ్వు ఎవరి గొంతుతో మాట్లాడుతున్నావో నాకు తెలిసి చావదు' అన్నావు చూడు, అది నాకు పొగడ్తలాగే వినిపించింది. ఏం చేస్తాం, ఎవరి వృత్తి వాళ్లది. నువ్వు జనం నోళ్లు తెరిపించి మాట్లాడనివ్వవు. నేను నోరూ వాయీ లేని బొమ్మలకి మాటలు పోస్తాను. పిల్లల కార్టూన్లో ఉడత ఇప్పటికీ నేనే. పొట్ట మైకు స్టాండుకి తగులుతోందని సౌండ్ ఇంజనీరు నన్ను పక్కకి తిప్పి నిలబెడుతున్నాడు. పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉడతలా కిచకిచలాడుతున్నాను.

కాన్పంటే నాకు భయం లేదు. ఎందుకుంటుంది? ఈ స్టూడియోలో తెర మీద ఎవరు కన్నా ఆ నొప్పులు పడింది నేనే. దానికో పద్ధతుంది. ముందు చిన్న మూలుగులు, తర్వాత పెద్ద కేక, ఆ తర్వాత గాలి వదిలేస్తూ 'ఏమండీ'. వెంటనే పసిపాప ఏడుపు. అదీ నాదే. కనేదీ నేనే, పుట్టేదీ నేనే. ఇంత అనుభవం ఏ డాక్టరుకుంది చెప్పు.

మా అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉంది కదా, అందుకని మీ అమ్మ వచ్చింది. రెండు సంచులు బట్టలు, ఒక మూట సలహాలు. దిగీ దిగగానే పక్కింటావిడతో అంటోంది: 'నేను ముగ్గుర్ని కన్నదాన్నమ్మా, నాకు తెలియదా ఆఁ.' అదే బొంగురు గొంతు, చివర్న అదే 'ఆఁ'. నేను దిండు అంచు కొరుక్కుని నవ్వాపుకున్నాను. మన హాస్టల్ గది గుర్తొచ్చింది. దుప్పటి కప్పుకుని నేను మీ అమ్మనయ్యేదాన్ని, 'ముగ్గుర్ని కన్నాను ఆఁ' అంటే నువ్వు మంచం మీంచి కిందపడి నవ్వేదానివి. మీ అన్నయ్య ఇద్దరి తిండి తింటాడు కాబట్టి మీ అమ్మ ఆయన్ని రెండుసార్లు లెక్కేస్తుందని నువ్వే కదా చెప్పావు. పెళ్లయ్యాక ఆయన భోజనం చూశాను. లెక్క సరిగ్గానే ఉంది.

ఇట్లు,
బరువైన చిలక


క్లినిక్,
ముందు గదిలో ఎవరూ లేని వేళ

వదినా,

ఈ పిలుపు రాసినప్పుడల్లా నా కలం మొండికేస్తుంది. నా చెప్పులేసుకుని కాలేజీకెళ్లినదాన్ని, నా నోట్సు చూసి పాసైనదాన్ని, గౌరవంగా పిలవాలట. కాలం.

నీ అనుభవజ్ఞానానికి జోహారు. ఇవాళ ఒక పెద్దమనిషి వచ్చాడు. కుర్చీలో కూర్చునే దాకా 'నాకు నొప్పంటే లెక్కలేదు డాక్టరమ్మా' అన్నాడు. సూది చూడగానే వాళ్లావిడ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లింది. ఆయన గుర్తొచ్చాడు నీ ఉత్తరం చదివితే. నిజం కేక ఎలా ఉంటుందో అయ్యాక రాయి. నా దగ్గరున్న కేకలతో పోల్చి చూస్తాను.

ఒక్క మాట. అమ్మ దగ్గర ఆ గొంతు తియ్యకు. సరదాకైనా వద్దు. ఎందుకని అడక్కు, హాస్టల్ సంగతి హాస్టల్లోనే ఉండనీ. అమ్మ చేసింది తిను, చెప్పింది విను, విన్నట్టు తలూపినా చాలు.

అన్నయ్య ఏమంటున్నాడు? లిఫ్టులు బాగుచేసేవాడికి కంగారెక్కువ. మధ్యలో ఆగిపోయిన మనుషుల్ని చూసీ చూసీ అలా అయిపోయాడు.

నీ ఆడపడుచు


ఆసుపత్రి, రెండో అంతస్తు,
గోడ వైపు మంచం

డాక్టరమ్మా,

ఆడపిల్ల. ఇద్దరం బతికే ఉన్నాం. పాపకి మీ అన్నయ్య చెవులొచ్చాయి, పెద్దయ్యాక జుట్టు కప్పుకుంటే సరిపోతుంది.

ఇక తమరు కోరిన నివేదిక. మొదటి నొప్పికే నేను స్టూడియోలో వేసే కేక వేశాను. పద్ధతి ప్రకారం, 'ఏమండీ'తో సహా. సిస్టరు వచ్చి చూసి, 'అమ్మా, ఇంకా మొదలవలేదు. అప్పుడే అంతా వాడేసుకోకు' అంది. ఆ ఏమండీ గారేమో అప్పటికి ఆసుపత్రి లిఫ్టులో ఉన్నారు. అది ఆగిపోయిందట. ఈయన మెకానిక్కని ఎవరికో తెలిసిందట. భార్య పైన కంటుంటే కింద స్క్రూడ్రైవరు పట్టుకున్న మొదటి మగాడు మీ అన్నయ్యే అయ్యుంటాడు.

తర్వాత అసలువి మొదలయ్యాయి. నొప్పి ఎలా ఉంటుందన్నావు. చెప్పడానికి ఒక్క పోలికా రావడం లేదు, వచ్చినవన్నీ చిన్నవి. నడుములో మొదలై, ముందుకొచ్చి, మనిషిని పిడికిట్లో పట్టి పిండి, ఇంక చాలనుకుని వదిలి, అంతలోనే చాల్లేదని మళ్లీ పట్టుకుంటుంది. కేక రాలేదు నాకు. ఇనప్పెట్టెని గచ్చు మీద ఈడ్చినట్టు ఒక చప్పుడొచ్చింది. అది నాలోంచే వస్తోందని కాసేపటికిగానీ తెలియలేదు. ఇన్నాళ్లూ నేను జనాన్ని మోసం చేశాను. ఆ సినిమాలన్నీ మళ్లీ డబ్బింగు చెయ్యాలి.

సిగ్గు సంగతి రాయనా? దాన్ని తలుపు బయట చెప్పుల పక్కన వదిలాను. వెనక ముడి ఊడిపోయే గౌను, తలుపు తీసుకుని వచ్చినవాళ్లందరూ చూడ్డం, చూసి 'ఇంకా టైముంది' అనడం. చివరికి నెట్టమన్నారు. శాయశక్తులా నెట్టాను. ముందు వచ్చింది పాప కాదు. ఇంతకంటే రాయను. సిస్టరు మాత్రం రోజూ చూసేదే అన్నట్టు తుడిచేసింది.

ఇంకోటి. నొప్పుల మధ్య నాకే తెలియకుండా గొంతులు మారాయట. ఉడత వచ్చింది, మాంత్రికుడు వచ్చాడు, వార్తలు చదివే ఆవిడ వచ్చింది. కుర్ర సిస్టరు వంగి నా మొహంలోకి చూసి, 'మీరు ఉడత కదా, మా పిల్లలు మీరంటే పడి చస్తారు' అంది. ఆ భంగిమలో ఉండగా దొరికిన మొదటి అభిమాని.

పాప పుట్టింది. వెంటనే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది.

అత్తయ్యకేదో పని తగిలిందట, పాపని చూడకుండానే బస్సెక్కేసింది. మీ అన్నయ్య చెప్పాడు. పెద్దవాళ్ల పనులు మనకేం తెలుస్తాయి. నీకేమైనా తెలిస్తే రాయి.

ఇట్లు,
ఖాళీ అయిన చిలక


క్లినిక్,
సాయంత్రం, ఆఖరి రోగి వెళ్లాక

వదినా,

పాపకి నా ముద్దులు. ఆ చెవులు మా నాన్నవి, అన్నయ్యని అనకు.

అమ్మ ఇక్కడుంది. నా దగ్గరే. నీకు రాయొద్దంది, రాస్తున్నాను. ఏ పనీ తగల్లేదు. సంచి కూడా లేకుండా దిగింది, కట్టుకున్న చీరతో. ఎందుకొచ్చావమ్మా అంటే 'చూడాలనిపించింది' అంది. పొద్దున్నే నాతో క్లినిక్‌కి వచ్చి, ముందు గదిలో దవడలు వాచినవాళ్ల మధ్య కూర్చుంటోంది. వాళ్లకి పాత పత్రికలు అందిస్తోంది. ఒకాయనైతే 'పెద్ద డాక్టరు గారా' అని లేచి నిలబడ్డాడు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు కళ్లజోడు కనపడక నన్నే చదవమంది. పైకి చదివాను. లిఫ్టు దగ్గర నవ్వింది. ముందు వచ్చింది పాప కాదు అన్నచోట, 'అందరికీ అంతే, అదీ రాయాలా' అంది. 'వెంటనే ఏడవలేదు. తర్వాత ఏడ్చింది' అన్నది చదివితే, మళ్లీ చదవమంది. చదివాను. 'ఎంతసేపటికట?' అంది. రాయలేదమ్మా అన్నాను. 'అత్తయ్యకేదో పని తగిలిందట' అన్నచోటికి వచ్చేసరికి లేచి వెళ్లి, ఆరని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఊడిన పన్ను దాచుకునే రోగుల్ని రోజూ చూస్తాను. పెదవి బిగించి నవ్వుతారు, మాటలు అటు పోకుండా చూసుకుంటారు, కానీ నాలుక మాత్రం మాటిమాటికీ ఆ ఖాళీ దగ్గరికే పోతుంది. నీ ఉత్తరంలో అలాంటి ఖాళీ ఉంది. గొంతులు మారాయన్నావు. ఉడత వచ్చిందన్నావు, మాంత్రికుడు వచ్చాడన్నావు. ఇంకెవరొచ్చారు?

ఏమన్నావు మా అమ్మని?

నీ ఆడపడుచు


మా ఇల్లు,
తలుపేసుకున్న పడకగది

ఇది నువ్వొక్కదానివే చదువు. పైకి చదవకు.

వచ్చింది మీ అమ్మే.

నువ్వు ముందే హెచ్చరించావు. నేను గుర్తు పెట్టుకోలేదని అబద్ధం ఆడను. గుర్తుంది. అయినా వచ్చింది. అదెలా జరిగిందో రాస్తాను, సాకు కింద తీసుకోకు.

అత్తయ్య మొదట్నుంచీ నా తల దగ్గరే ఉంది. కూర్చోండంటే కూర్చోలేదు. తడిగుడ్డతో మొహం తుడుస్తోంది, చెయ్యి పట్టుకోనిస్తోంది. నా గోళ్లు దిగి ఆవిడ మణికట్టు మీద ఎర్రగా అచ్చులు పడ్డాయి. అయినా చెయ్యి లాక్కోలేదు. నేనేమో కాన్పు చేసే డాక్టరమ్మని తిట్టాను, మీ అన్నయ్యని తిట్టాను, లిఫ్టుని తిట్టాను. ఇంక నావల్ల కాదు, ఇంటికి పోతాను, నా చెప్పులు ఇవ్వండి అన్నాను. అప్పుడు అత్తయ్య వంగి నా చెవి దగ్గర, 'ఓర్చుకోవే తల్లీ. ముగ్గుర్ని కన్నదాన్ని చెబుతున్నాను, అయిపోవచ్చింది ఆఁ' అంది.

నేను ఆవిడ కళ్లలోకి చూస్తూ ఆవిడ గొంతుతోనే అన్నాను. 'ముగ్గుర్ని కన్నాను ఆఁ. రెండే కనిపిస్తున్నాయమ్మా, ఆ మూడోదాన్ని ఏ అల్మరాలో పెట్టి మర్చిపోయావు ఆఁ.'

గదిలో నవ్వులు. కుర్ర సిస్టరు నవ్వింది, తుడిచే ఆవిడ నవ్వింది, కాళ్ల దగ్గర కూర్చున్న డాక్టరమ్మ కూడా మాస్కులోంచి నవ్వింది. నవ్వరా మరి. బొంగురూ, ముక్కూ, ఆ దీర్ఘం, ఒక్కటి తప్పలేదు. ఇన్నేళ్లుగా హాస్టల్లోనూ, స్టూడియోలోనూ ఎప్పుడూ అంత బాగా చెయ్యలేదు. నిజం చెప్పనా, వాళ్లు నవ్వినప్పుడు నాకు ఒక్క క్షణం నొప్పి తెలియలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది.

అత్తయ్య నవ్వలేదు. కోప్పడలేదు కూడా. గుడ్డని గిన్నెలో ముంచి, నీళ్లు పిండి, మంచం కడ్డీ మీద ఆరేసింది. ఏదో అక్కడ ఉండాల్సిన వస్తువుని అక్కడ పెట్టినట్టు. తర్వాత గోడ వైపు జరిగి నిలబడింది. ఆ తర్వాత నొప్పి వచ్చి నన్నెత్తుకుపోయింది. పాప బయటికి వచ్చాక తల తిప్పి చూస్తే ఆవిడ లేదు.

మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన నాలుగైదుసార్లు అడిగాడు, 'అమ్మ ఎందుకెళ్లింది' అని. నాకేం తెలుసన్నాను, నా గొంతుతోనే. రోజూ ఆవిడ తెచ్చిన చిన్న చొక్కాలు పాపకి వేస్తున్నాను. ఒక్కొక్కటీ చేత్తో కుట్టింది, పసిదాని ఒంటికి గుచ్చుకోకుండా కుట్లన్నీ పైవైపుకి పెట్టింది. గుండీ పెట్టేటప్పుడల్లా ఆ కుట్లని వేలితో తడుముతున్నాను.

అత్త పోయిన ఆర్నెల్లకి కోడలికి ఏడుపొచ్చిందంటారు. నాకు అత్త బస్సెక్కిన పూటే వచ్చింది. ఇదే నాకున్న గొప్ప.

ఒకటి అడుగుతాను. పరాచికాలు ఆవిడకి కొత్త కాదు. మీ అన్నయ్య మొహం మీదే అంటుంటాడు, పట్టించుకోదు. కోడలు వెక్కిరించిందని పుట్టిన పిల్లని చూడకుండా వెళ్లిపోయే మనిషి కాదు. నీకేదో తెలుసు. ఎందుకని అడక్కన్నావు. అడుగుతున్నాను.

చిలక


క్లినిక్ వెనక గది,
తలుపు గడియ పెట్టుకుని

చిలకా,

వదినా అని రాసే మొహం లేదు.

ముగ్గురే. అమ్మ లెక్క తప్పలేదు. అన్నయ్యకంటే ముందు ఒక పాప పుట్టింది, ఆసుపత్రిలోనే పోయింది. పుట్టి పోయిందో, పోయి పుట్టిందో నాకు తెలియదు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. అమ్మ ఒక్కతే ఎవరడిగినా ముగ్గురు అనేది. నాన్న ఉంటే కొంచెం చిన్నగా అనేది, అంతే.

నేను చిన్నప్పుడు ఒకసారి అందరం అన్నాలు తింటుంటే అడిగాను, మూడో వాళ్లెవరమ్మా అని. నాన్న కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. అమ్మ గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు అన్నయ్య, వాడూ పిల్లాడే, 'నేనే రెండు, ఇంకో ముద్ద పెట్టమ్మా' అన్నాడు. నేను నవ్వాను. అమ్మ పెట్టింది. ఆ పూట గడిచిపోయింది.

వాడు ఆ మాట ఆ ఒక్క పూట కోసం అన్నాడు. నేను దాన్ని హాస్టల్ దాకా మోసుకొచ్చాను. అప్పటికి నాకు తెలుసు. పూర్తిగా తెలుసు. పుట్టని దాని గురించి, కాదు, పుట్టినదాని గురించి, గదినిండా ఆడపిల్లలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నాకు ఏం చెప్పాలో తెలియక, నవ్వొచ్చేది చెప్పాను. నువ్వు దానికి గొంతు పెట్టావు. మంచం మీంచి కిందపడి నవ్వానని రాశావు. నవ్వాను. నువ్వు ఇంకోసారి చెయ్యనంటే బతిమాలి మళ్లీ చేయించుకున్నాను కూడా.

నీకు తెలియక అన్నావు. నేను తెలిసి నవ్వాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడాలో నువ్వే తేల్చు.

నువ్వు రాసింది అమ్మకి చదవలేదు. ఆవిడ అడగలేదు. కానీ నిన్న ముందు గదిలో ఎవరో పసిదాన్ని చంకనేసుకుని వచ్చారు. ఆ పిల్ల నిద్రపోతోంది. అమ్మ లేచి బయట వసారాలోకి వెళ్లి, వాళ్లు పోయేదాకా లోపలికి రాలేదు.

నాతో ఏం రాసినా లాభం లేదు. ఆవిడకే రాయి. నేను చదివి వినిపిస్తాను, ఒక్క ముక్క వదలను. పరాచికాలు పెట్టకు. నీకు కష్టమని తెలుసు.

నేను


మా ఇల్లు

అత్తయ్యకి,

నమస్కారం. పాప బాగుంది. మీరు కుట్టిన చొక్కాలు సరిపోయాయి, చేతులు కొంచెం పొడుగు, మడిచి వేస్తున్నాను.

ఆ రోజు నేనన్న మాటకి నొప్పుల వంక పెట్టను. ఆ మాట నొప్పులప్పుడు పుట్టింది కాదు. చాలా రోజుల నుంచి మీ వెనకాల అంటున్నదే, ఆ రోజు మీ ముందు అన్నాను. పెద్దమ్మాయి సంగతి నాకు తెలియదు. తెలియకపోయినా అనకూడదు. ఎందుకు ముగ్గురంటున్నారని మిమ్మల్ని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగడం కంటే వెక్కిరించడం నాకు సులువుగా వచ్చింది. మిమ్మల్ని చూసి బయటివాళ్లు నవ్వేలా చేశాను. దానికి ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

పాప ఎంతసేపటికి ఏడ్చిందని మీరు అడిగారట. నాకు సరిగ్గా తెలియదు. నాకైతే చాలాసేపు. బయటికి తియ్యగానే నీలంగా ఉంది. మెడకి పేగు చుట్టుకుందన్నారు. గదిలో నవ్వినవాళ్లంతా ఒక్కసారి మాట మానేశారు. పక్క బల్ల మీదికి తీసుకెళ్లి వీపు రుద్దారు, నోట్లోంచి ఏదో గొట్టంతో లాగారు, అరికాళ్ల మీద కొట్టారు. నేను ఏమైంది ఏమైంది అంటున్నాను, ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పుడు మీ కోసం చూశాను. తర్వాత ముందు దగ్గినట్టు చిన్నగా అంది, ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు రోజంతా ఏడుస్తోంది.

మీరు వచ్చి పాపని చూడండి. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

మీ కోడలు


క్లినిక్, ముందు గది
(అమ్మ చెబుతోంది, నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమంది.)

అమ్మాయికి,

నీ ఉత్తరం విన్నాను. చొక్కా చేతులు కావాలనే పొడుగు పెట్టాను. పిల్లలు ఊరుకుంటారా, పెరుగుతారు. విప్పి కుట్టకు.

నువ్వన్న మాట నాకు తగిలింది. తగల్లేదని చెప్పను. ఆ సిస్టరు నవ్వడం ఇంకా తగిలింది. నువ్వంటే నొప్పుల్లో ఉన్నావు, దానికేం నొప్పి. నా గొంతు అంత బొంగురుగా ఉంటుందని కూడా నాకు తెలియదు. (ఉంటుందమ్మా అన్నాను. నిన్నడగలేదు, రాయి అంది.)

అయినా నేను ఆ మాటకి బయటికి రాలేదు. అది నువ్వు తెలుసుకో. మాటకి పోయేదాన్నయితే గోడ దగ్గర ఎందుకు నిలబడతాను. కోపంగానే నిలబడ్డాను, పిల్ల భూమ్మీద పడ్డాక అడుగుదామనుకున్నాను.

పిల్ల పడింది. చప్పుడు లేదు. అందరూ అటు పరిగెత్తారు, ఒక్కరూ మాట్లాడ్డం లేదు. ఆ చప్పుడు లేకపోవడం నాకు తెలుసు. నా పెద్దదానప్పుడు అంతే. అది ఆడపిల్ల. ఆ సంగతి కూడా తర్వాత ఎవరో మాటల్లో అంటే తెలిసింది. గుడ్డలో చుట్టి తీసుకుపోయారు, నాకు చూపించలేదు. చూస్తే మర్చిపోలేవమ్మా అన్నారు. చూడకపోయినా మర్చిపోలేదు. దానికి పేరు లేదు, మొహం తెలియదు, గొంతు వినలేదు. ఇంక నేను దానికి చెయ్యగలిగింది ముగ్గురు అనడం ఒక్కటే. అదే చేస్తున్నాను.

నీ పిల్ల ఏడవకపోయేసరికి నా కాళ్లు నన్నడక్కుండా బయటికి నడిచాయి. మెట్లు దిగుతూ రెండు చెవులూ మూసుకున్నాను. చెవులు తెరిచి ఉండీ ఏడుపు వినపడకపోతే పిల్ల లేదన్న సంగతి నాకు తెలిసిపోతుంది కదా, అందుకని. గేటు దగ్గరికి అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఆడపిల్లమ్మా, బాగుందమ్మా అన్నాడు. అప్పుడైనా వెనక్కి వెళ్లాల్సింది. ఏ మొహంతో వస్తాను? అమ్మ లేని చోట నిన్ను నాకు అప్పగించారు. నువ్వు నాకోసం చూశావని రాశావు. చూసే వేళకి నేను లేను. పక్కింటావిడైనా అలా పోదు. ఆ సిగ్గుతో బస్సెక్కాను.

నీ మాటకి నువ్వు సిగ్గుపడు, పడాలి. నా పనికి నేను పడతాను. దీని సంగతి (ఇది నేను) తర్వాత చూస్తాను, హాస్టల్ కథంతా నిన్న కక్కింది.

బయల్దేరుతున్నాను. నీ మాట మర్చిపోయి వస్తున్నాననుకోకు. మెల్లిగా మర్చిపోతాను ఆఁ.

అత్తయ్య


మా ఇల్లు,
రాత్రి

వదినగా కాదు, చిలకగా రాస్తున్నాను. అదీ సగం చిలకే.

మీ అమ్మ వచ్చింది. తలుపు తీశాను. నేను ఏం అనాలో సాధన చేసుకునే ఉన్నాను. ఆవిడ నన్ను పక్కకి జరిపి, నేరుగా వెళ్లి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. చీర కొంగుతో తుడుచుకోలేదు, శుభ్రమైన గుడ్డ అడిగి తుడుచుకుంది. నా మొహం మాత్రం చూడలేదు.

పాప అప్పుడే లేచి గుక్కపట్టింది. నేను పాలివ్వడానికి పరిగెత్తాను. ఆవిడ నాకంటే ముందు మంచం దగ్గరికి చేరి ఎత్తుకుంది. ఎత్తుకుని జోకొట్టలేదు, ఊపలేదు, ఊరుకోబెట్టే ప్రయత్నం ఒక్కటీ చెయ్యలేదు. భుజాన వేసుకుని, దాని నోటి దగ్గర తన చెవి పెట్టి నిలబడింది. అది ఆవిడ చెవిలోకే ఏడుస్తోంది. మొహం కందిపోయింది, కాళ్లు తన్నుతోంది. నాకు పాలు కారి జాకెట్టు తడిసిపోయింది. ఇటివ్వండత్తయ్యా అని చెయ్యి చాపాను.

'ఉండు. కాసేపు ఏడవనీ' అంది.

మీ అన్నయ్య సబ్బు మొహంతో స్నానాల గదిలోంచి తొంగిచూసి, 'ఎందుకలా ఏడిపిస్తున్నారు దాన్ని' అన్నాడు. నేను తలుపేసెయ్యమని సైగ చేశాను. నీ సందేహం నాకు తెలుసు. ఆ పూట నేను ఏ గొంతూ తియ్యలేదు.

చాలాసేపు విన్నది. తర్వాత పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టి, 'ఇంక పట్టు, ఆకలేస్తోంది దానికి' అని, నా పక్కనే మంచం అంచున కూర్చుంది. నేను క్షమించమందామని తలెత్తాను. వద్దన్నట్టు నా మోకాలి మీద చెయ్యేసింది. గోళ్ల అచ్చులు మానాయి, కొంచెం నల్లగా ఉన్నాయి. ఇద్దరం పాప తాగడం చూస్తూ కూర్చున్నాం. నేనే అడిగాను, ఈసారి. పెద్దమ్మాయి సంగతి చెప్పండత్తయ్యా అన్నాను. ఎవరూ అడగలేదే ఎప్పుడూ అంది. పాప కాలి మీదికి గుడ్డ లాగింది. తర్వాత, 'మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు' అని మొదలుపెట్టింది.

సాయంత్రం దాకా చెప్పింది. అదంతా నీకు రాద్దామని కలం పట్టుకున్నాను, ప్రతి మాటా నాకు గుర్తుంది, ఎక్కడ ఆగిందో ఎక్కడ ఊపిరి తీసిందో కూడా. రాయను. నేను ఎలా చెప్పినా అది నా చేతిలో పడిన ఆవిడ గొంతే అవుతుంది.

క్లినిక్‌కి తాళం వేసి రా. వచ్చి మీ అమ్మనే అడుగు.

నీ
చిలక